మొరాయించిన క్యామ్‌కార్డర్ టేపులు: డిజిటల్‌లోకి ఎక్కించిన డైరీ

చేతికి వచ్చిన టేపులు 22. వాటిలో వీడియో8 రకానివి 8, హై8 రకానివి 5, మినీడీవీ రకానివి 9. మొదటి రెండు రకాలూ 8 మిల్లీమీటర్ల వెడల్పున్న అనలాగ్ టేపులు, మూడోది డిజిటల్. అన్నీ పాల్ పద్ధతిలో (సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 నిశ్చల చిత్రాలు చూపే టీవీ పద్ధతి) రికార్డయినవే. ఇదే పని మొదలుపెట్టబోయేవారికి నేరుగా పనికిరావాలన్న ఉద్దేశంతో, సాఫీగా నడిచిన టేపుల గురించి క్లుప్తంగాను, మొరాయించిన వాటి గురించి వివరంగాను రాస్తున్నాను.

పని మొత్తానికీ ఒకటే సూత్రం పెట్టుకున్నాను. బొమ్మ చెడినప్పుడు ఆ లోపం టేపు వెంట వస్తోందా, యంత్రం వెంట వస్తోందా అన్నది తేలేదాకా ఏ స్క్రూనూ తిప్పకూడదు. ఇది తేలాలంటే మంచిదని ముందే తెలిసిన ఒక టేపు, అదే రకం టేపును నడిపే రెండో యంత్రం దగ్గర ఉండాలి. ఈ రెండూ లేకుండా మొదలుపెడితే టేపుకు చేయాల్సిన వైద్యం యంత్రానికీ, యంత్రానికి చేయాల్సింది టేపుకూ చేసే ప్రమాదం ఉంది.

దశ 1: టేపుల పరీక్ష, వర్గీకరణ

1. ప్రతి క్యాసెట్‌లోనూ రికార్డింగును అడ్డుకునే మీటను భద్రపరిచే వైపుకు జరిపాను. 8 మిల్లీమీటర్ల క్యాసెట్‌లో అప్పుడు ఎర్ర గుర్తు కనిపిస్తుంది.
2. కిటికీ గుండా టార్చి వేసి, భూతద్దంతో టేపు చుట్ట అంచులను చూశాను.
3. రీళ్లు వేలితో తేలికగా తిరుగుతున్నాయా, టేపు వదులుగా వేలాడుతోందా అన్నది చూసుకున్నాను.
4. చల్లని గదిలోంచి తెచ్చిన టేపులను, యంత్రం ఉన్న గదిలోనే ఒక రోజంతా ఉంచాను.

రెండు వీడియో8 టేపుల చుట్ట అంచు మీద తెల్లటి పొడి లాంటి పొర కనిపించింది. అది బూజు. బూజు పట్టిన టేపును ఒక్కసారి నడిపినా, అది హెడ్‌కూ (టేపును చదివే భాగం), గైడ్లకూ (టేపును దారిలో నిలిపే స్తంభాలు) అంటుకుని అక్కడి నుంచి తర్వాతి టేపులన్నిటికీ పాకుతుంది. అందుకని ఆ రెండింటినీ విడివిడి సంచుల్లో మూసి పక్కన పెట్టాను. ఒక హై8 టేపులో టేపు చివర ఉండే పారదర్శకమైన లీడర్ రీలు నుంచి ఊడిపోయి లోపల వదులుగా తిరుగుతోంది.

లెక్క: మొత్తం 22. నడపడానికి సిద్ధంగా ఉన్నవి 19. పక్కన పెట్టినవి 3. ఎక్కించినవి 0.

దశ 2: టేపు కంటే ముందు యంత్రం

ఈ 8 మిల్లీమీటర్ల టేపులను రికార్డు చేసిన అసలు క్యామ్‌కార్డర్ దొరికింది గానీ, దానిలో కరెంటు వచ్చినా బొమ్మ రాదు. ఎనభైల చివర, తొంభైల మొదట్లో తయారైన క్యామ్‌కార్డర్లలో బోర్డుకు అతికిన చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారిపోయి, ఆ ద్రవం రాగి దారులను తినేయడం బాగా తెలిసిన జబ్బు. దాన్ని బాగుచేయడం వేరే ప్రాజెక్టే అవుతుంది కనుక వదిలేశాను.

దాని బదులు డిజిటల్8 క్యామ్‌కార్డర్ వాడాను. 1999లో వచ్చిన ఈ రకం యంత్రాల్లో కొన్ని, అన్నీ కాదు, 1985 నాటి వీడియో8 టేపులను, 1989లో వచ్చిన హై8 టేపులను కూడా చదివి, ఆ అనలాగ్ సిగ్నల్‌ను తామే డీవీ (డిజిటల్ వీడియో) రూపంలోకి మార్చి ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటర్‌కు పంపుతాయి. కొనేముందు ఆ మోడల్ పాత అనలాగ్ టేపులను చదువుతుందో లేదో దాని మాన్యువల్‌లో చూసుకోవడం తప్పనిసరి. సరిచూసుకోవడానికి రెండో యంత్రంగా ఒక హై8 క్యామ్‌కార్డర్‌ను అరువు తెచ్చాను. మినీడీవీ కోసం రెండు క్యామ్‌కార్డర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ టేపులను రికార్డు చేసినదే.

డిజిటల్8 యంత్రంలో పరీక్ష టేపు పెట్టగానే తెర మీద సి:21:00 అన్న సంకేతం వచ్చింది. లోపల తేమ చేరిందని దాని అర్థం. టేపు తీసి, క్యాసెట్ తలుపు తెరిచి, ఒక గంటకు పైగా వదిలేస్తే అది పోయింది. తేమ ఉన్నప్పుడు టేపు డ్రమ్‌కు (హెడ్లను మోస్తూ తిరిగే సిలిండర్) అతుక్కుపోతుంది కాబట్టి, ఈ హెచ్చరికను ఎలాగైనా దాటవేయాలని చూడటం అవివేకం.

తర్వాతి ఇబ్బంది ఇంకొంచెం మొండిది. యంత్రం టేపును లోపలికి లాగి, డ్రమ్ చుట్టూ చుట్టి, రెండు మూడు క్షణాల్లో మళ్లీ విప్పేసి సి:31తో మొదలయ్యే సంకేతం చూపించింది. తలుపు పైమూత విప్పి గమనిస్తే డ్రమ్ తిరుగుతోంది, టేపును లాగే ఇరుసు క్యాప్‌స్టన్ తిరుగుతోంది, టేపును చుట్టుకోవాల్సిన రీలు మాత్రం కదలడం లేదు. రీలు తిరగడం లేదని సెన్సర్ పసిగట్టిన వెంటనే, టేపు లోపల కుప్పపడకుండా యంత్రం ఆగిపోతుంది. అంటే తెర మీది సంకేతం లోపం పేరు చెప్పదు, రక్షణ పని చేసిందని మాత్రమే చెబుతుంది. రీలుకు చలనం అందించే చిన్న చక్రం ఇరుసు దగ్గర గ్రీజు ఎండి జిగురులా మారింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కరిగించి తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజును సూది మొన మీద పట్టినంత రాశాను. టేపును క్యాప్‌స్టన్‌కు నొక్కి పట్టే రబ్బరు పించ్ రోలర్ మీద మెరుపు పొర కూడా ఉంది. అది పోయి రబ్బరు మళ్లీ మసక నలుపుకు తిరిగేదాకా తుడిచాను.

లెక్క: ఎక్కించినవి ఇంకా 0. పరీక్ష టేపు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడిచింది.

దశ 3: తెరంతా చుక్కలు, ధ్వని కూడా లేదు

పరీక్ష టేపు నడిచింది గానీ బొమ్మ రాలేదు. తెరంతా చుక్కలు, వెనక ధ్వని కూడా లేదు. ఇక్కడ ఆ ధ్వని లేకపోవడమే అసలు ఆధారం. వీహెచ్‌ఎస్ టేపులో ధ్వనికి అంచున వేరే ట్రాకు (రికార్డింగు ఉండే సన్నటి దారి) ఉంటుంది కనుక, వీడియో హెడ్లు మూసుకుపోయినా ఏదో ఒక ధ్వని వినిపిస్తుంది. వీడియో8, హై8 టేపుల్లో ధ్వనిని సాధారణంగా ఎఫ్‌ఎమ్ పద్ధతిలో బొమ్మతో పాటు అవే తిరిగే హెడ్లు రాస్తాయి. అందుకే బొమ్మా ధ్వనీ రెండూ ఒకేసారి పోయాయంటే ముందుగా అనుమానించాల్సింది హెడ్లనే. ఇదే టేపు అరువు యంత్రంలో చక్కగా కనిపించింది. కాబట్టి లోపం యంత్రానిదే.

పొడి క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్లు నడిపితే బొమ్మ లీలగా కనిపించి మళ్లీ పోయింది. ఆ క్యాసెట్‌లోని టేపు గరుకుగా ఉండి హెడ్‌ను ఎంతో కొంత అరగదీస్తుంది. అందుకే రెండోసారి వాడకుండా చేతితో శుభ్రం చేశాను.

1. కరెంటు తీగ, బ్యాటరీ రెండూ తీసేశాను.
2. నూగు రాలని మెత్తటి తోలు కొనగల పుల్లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, కారకుండా పిండాను.
3. ఆ కొనను డ్రమ్ పక్క గోడకు ఆనించి, ఏమాత్రం కదపకుండా పట్టుకున్నాను.
4. రెండో చేతి వేలితో డ్రమ్ పై అంచును మాత్రమే తాకుతూ డ్రమ్‌ను నెమ్మదిగా అడ్డంగా తిప్పాను.
5. కొత్త పుల్లతో మళ్లీ చేశాను. కొన మీద మరక పడనంతవరకు ఇదే.
6. ఆల్కహాల్ పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడే టేపు పెట్టాను.

మొదటి పుల్ల కొన మీద వెంట్రుక మందాన ముదురు గోధుమ రంగు గీత పడింది. ఆ డ్రమ్ వ్యాసం 40 మిల్లీమీటర్లు. దాని గోడలోని చిన్న సందులోంచి హెడ్ కొన కంటికి తెలిసీ తెలియనంతగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. పుల్లను పైకీ కిందికీ ఆడిస్తే ఆ ఫెరైట్ ముక్క విరుగుతుంది, విరిగితే అతికే మార్గం లేదు. దూది పుల్లలు వాడకూడదనడానికి కారణమూ ఆ సందే, దూది పోగు అందులో చిక్కుకుంటుంది.

శుభ్రం చేశాక బొమ్మా ధ్వనీ రెండూ వచ్చాయి. ఆ తర్వాత మెనూలో రెండు మార్పులు చేశాను. గీతల అంచులు వంకర్లు పోకుండా నిలబెట్టే టీబీసీని ఆన్‌లో ఉంచాను. రంగుల మరకలను తగ్గించే డీఎన్ఆర్‌ను మాత్రం ఆపేశాను, ఎందుకంటే కదిలే చేతుల వెనక అది నీడలాంటి తోకను మిగులుస్తోంది. మరకను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు, ఫైల్లోకి ఎక్కిన తోకను తీయలేం.

హై8 టేపులను ఎస్-వీడియో (వెలుగునూ రంగునూ విడివిడిగా పంపే అనలాగ్ తీగ) ద్వారా కుదించకుండా పట్టుకోవడం సిద్ధాంతరీత్యా మేలు. వీడియో8 సుమారు 240 గీతల స్పష్టతను ఇస్తే హై8 సుమారు 400 ఇస్తుంది, డీవీ కుదింపులో రంగు వివరం కొంత పోతుంది. అయినా చౌకరకం యూఎస్‌బీ పరికరాలు సింక్ (గీతలనూ ఫ్రేములనూ వేళకు నిలిపే సంకేతం) కాస్త కదిలితే చాలు చెప్పాపెట్టకుండా ఫ్రేములను వదిలేస్తాయి. ఫైర్‌వైర్‌లో అయితే పోయిన ప్రతి ఫ్రేమునూ లెక్క కట్టగలం. నాకు ఆ లెక్కే ముఖ్యమనిపించింది.

లెక్క: ఎక్కించినవి 6 టేపులు, 490 నిమిషాలు, 105.84 జీబీ.

దశ 4: కిందిభాగంలో చార

మిగిలిన నాలుగు 8 మిల్లీమీటర్ల టేపుల్లో బొమ్మ కిందిభాగం, దాదాపు ఎనిమిదో వంతు, గీతలతో నిండిన చారగా ఉంది. అన్నిటికంటే కింద ఉండే నాలుగైదు గీతల అలజడి వేరు. అది హెడ్లు మారే చోటు, ప్రతి అనలాగ్ టేపులోనూ ఉంటుంది, పాత టీవీల చట్రం దాన్ని కప్పేసేది. ఈ చార అంతకంటే చాలా వెడల్పుగా ఉంది.

వీహెచ్‌ఎస్ అలవాటు ఉన్నవారు వెంటనే ట్రాకింగ్ మీట కోసం వెతుకుతారు. 8 మిల్లీమీటర్ల యంత్రాల్లో అది ఉండదు. టేపు అంచున నియంత్రణ ట్రాకు లేదు. దాని బదులు సుమారు 100 నుంచి 170 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉన్న నాలుగు పైలట్ సంకేతాలను బొమ్మతో పాటే రాసి, ప్లే చేసేటప్పుడు పక్క ట్రాకుల పైలట్ల బలాన్ని పోల్చుకుంటూ యంత్రమే వేగాన్ని సరిదిద్దుకుంటుంది. కాబట్టి చార వచ్చిందంటే, టేపు డ్రమ్ చుట్టూ పోయే దారిలో ఎక్కడో ట్రాకు మొత్తం పొడవునా హెడ్ దాని మీద నిలవడం లేదన్నమాట. హెడ్ ట్రాకు మొదలుపెట్టేది బొమ్మ పైభాగంతో, ముగించేది కిందిభాగంతో. ఇక్కడ చార కింద ఉంది కనుక, టేపు డ్రమ్‌ను వదిలే వైపు తేడా ఉందని అర్థమైంది.

అదే చార అరువు యంత్రంలోనూ వచ్చింది, కాకపోతే సన్నగా. దశ 3లోని ఆరు టేపులు మాత్రం రెండు యంత్రాల్లోనూ శుభ్రంగా ఉన్నాయి. అంటే లోపం టేపు వెంటే వస్తోంది. చేసినవి వరుసగా ఇవి.

1. నాలుగు టేపులనూ మధ్యలో ఆపకుండా చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటిదాకా వెనక్కి తిప్పాను. ఏళ్ల తరబడి కదలని చుట్టలో బిగువు ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు టేపుల్లో చార దీనితోనే మాయమైంది.
2. మూడోదాన్ని అరువు హై8 యంత్రంలో నడిపి, దాని ఎస్-వీడియోను డిజిటల్8 యంత్రం ఇన్‌పుట్‌కు కలిపి, అక్కడి నుంచి ఫైర్‌వైర్‌కు తీసుకున్నాను. చార పది గీతలకు తగ్గింది. యూరప్ కోసం తయారైన చాలా మోడళ్లలో ఈ ఇన్‌పుట్ ఉండదు, ముందే చూసుకోవాలి.
3. నాలుగోది ఏ యంత్రంలోనూ మారలేదు. ఉన్నదున్నట్టు ఎక్కించాను.

ఈ నాలుగో టేపు కోసం గైడ్ స్తంభాల ఎత్తును కాస్త తిప్పితే సరిపోతుందన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. ఒక వంకర టేపుకు సరిపడేలా యంత్రాన్ని వంచడమంటే, మిగిలిన మంచి టేపులన్నిటికీ దాన్ని పాడుచేయడమే. కొలత టేపు, ఆసిలోస్కోపు లేకుండా దాన్ని మళ్లీ మొదటి స్థానానికి తేలేం. ఈ పని కోసమే విడిగా మరో పాత యంత్రం ఉంటే అది వేరే సంగతి.

లెక్క: ఎక్కించినవి 10 టేపులు, 810 నిమిషాలు, 174.96 జీబీ. వాటిలో చార మిగిలినవి 2.

దశ 5: మినీడీవీ, అడ్డపట్టీలు, మొజాయిక్

మినీడీవీలో చెడు బొమ్మ వేరే రూపంలో కనిపిస్తుంది. పాల్‌లో ఒక్కో ఫ్రేమును 12 ట్రాకుల్లో రాస్తారు. ఫ్రేము ఎత్తు 576 గీతలు కనుక ఒక్కో ట్రాకుకు 48 గీతల అడ్డపట్టీ వస్తుంది. డ్రమ్ మీద హెడ్లు రెండు కాబట్టి ట్రాకులను ఒకటి విడిచి ఒకటి చదువుతాయి. ఒక హెడ్ మూసుకుపోతే, ఒక పట్టీలో మనిషి కదులుతుంటే దాని పక్క పట్టీలో అదే మనిషి కొన్ని క్షణాల కిందటి భంగిమలో బిగుసుకుపోయి ఉంటాడు. మొదటి మినీడీవీ టేపులో సరిగ్గా ఇదే కనిపించింది. దశ 3లోని పద్ధతిలోనే హెడ్‌ను తుడిచాను. ఈ డ్రమ్ వ్యాసం 21.7 మిల్లీమీటర్లే, పాల్‌లోనైనా నిమిషానికి 9,000 సార్లు తిరుగుతుంది. వేలు పట్టేంత చోటు లేదు కనుక, పుల్లను మరింత సన్నగా కత్తిరించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎనిమిది టేపులు సాఫీగా నడిచాయి.

తొమ్మిదోది ఎల్‌పీ వేగంలో, అంటే ఎక్కువసేపు పట్టేలా టేపును నెమ్మదిగా నడిపి రికార్డు చేసినది. మామూలు వేగమైన ఎస్‌పీలో ట్రాకు వెడల్పు 10 మైక్రాన్లు, ఎల్‌పీలో సుమారు 6.7 మైక్రాన్లే. అంత సన్నటి దారిలో రెండు యంత్రాల మధ్య ఉండే చిన్న తేడా కూడా గళ్లు గళ్లుగా మొజాయిక్ అయిపోతుంది. రెండో క్యామ్‌కార్డర్‌లో దాదాపు ఏమీ రాలేదు. రికార్డు చేసిన యంత్రంలోనే పెడితే చాలా భాగం వచ్చింది, అక్కడక్కడా గళ్లు మిగిలాయి.

ఆ గళ్ల చోట్లు ప్రతిసారీ ఒకే దగ్గర రాకపోవడం ఇక్కడ అక్కరకు వచ్చింది. చదవలేకపోయిన ముక్క స్థానంలో యంత్రం పాత ఫ్రేములోని ముక్కను అతికిస్తుంది గానీ, అలా అతికించిన సంగతిని ఆ ముక్కకు ముందుండే నాలుగు బిట్ల స్థితి సంకేతంలో నమోదు చేస్తుంది. కంటికి బాగున్నట్టు కనిపించే ఫ్రేములోనూ ఈ సంకేతం నిజం చెబుతుంది. డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ సంకేతాలను చదివి, ఏ ఫ్రేములో ఎంత భాగం అతుకో చూపుతుంది. ఒకే టేపును పలుమార్లు పట్టుకున్న ఫైళ్లను ఇస్తే, ఏ ఫైల్లో ఏ భాగం బాగుంటే దాన్ని ఏరి ఒక్క ఫైలుగా కలుపుతుంది. మధ్య మధ్యలో హెడ్ తుడుస్తూ పట్టుకున్న ఫైళ్లను అలా కలిపితే 78 నిమిషాలు దక్కాయి. మిగిలిన భాగంలో టేపు నలిగిపోయి ఉంది.

లెక్క: ఎక్కించినవి 19 టేపులు, 1,358 నిమిషాలు, 293.33 జీబీ. అదనంగా పట్టుకున్న ఫైళ్లు ఈ లెక్కలో లేవు.

దశ 6: ఫ్రేముల లెక్క సరిచూడటం

తీగ కలిపేటప్పుడు రెండు వైపులా కరెంటు ఆపి ఉంచడం నా నియమం. ఫైర్‌వైర్‌ను నడుస్తుండగా తగిలించవచ్చని చెప్పినా, ఆరు పిన్నుల వైపు కరెంటు కూడా వస్తుంది కనుక, వదులైన పాత కనెక్టర్ కాస్త వంకరగా కూర్చుంటే క్యామ్‌కార్డర్‌లోని పోర్టు కాలిపోతుంది. పట్టుకోవడానికి లినక్స్‌లో డీవీగ్రాబ్ వాడి, ఏవీఐ లాంటి మరో ఫైలు రూపంలో చుట్టని ముడి డీవీ ఫైలుగానే దాచాను.

ముడి ఫైలుగా దాచడంలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. పాల్ డీవీలో ఒక్కో ఫ్రేము కచ్చితంగా 1,44,000 బైట్లు. సెకనుకు 25 ఫ్రేములంటే 36,00,000 బైట్లు, నిమిషానికి 216 ఎంబీ, గంటకు 12.96 జీబీ. అందువల్ల ఫైలు పరిమాణాన్ని 1,44,000తో భాగిస్తే ఫ్రేముల సంఖ్య నేరుగా వచ్చేస్తుంది.

ఒక మినీడీవీ టేపు టైమ్‌కోడు (ప్రతి ఫ్రేముతో పాటు టేపు మీద నమోదయ్యే సమయం) ప్రకారం 61 నిమిషాల 12 సెకన్లు, అంటే 91,800 ఫ్రేములు. ఫైలు 13,21,92,00,000 బైట్లు ఉండాలి. వచ్చింది 13,21,47,36,000. తేడా 44,64,000 బైట్లు, అంటే సరిగ్గా 31 ఫ్రేములు. టేపును మళ్లీ నడిపితే పోయిన ఫ్రేములు వేరే చోట్ల ఉన్నాయి. కాబట్టి లోపం టేపుదీ కాదు, క్యామ్‌కార్డర్‌దీ కాదు. ఫైలును రాస్తున్న బయటి యూఎస్‌బీ డిస్కు మీద అదే సమయంలో ఫైళ్ల సూచిక తయారుచేసే ప్రోగ్రామ్ నడుస్తోంది. దాన్ని ఆపి, లోపలి డిస్కుకు రాయించాక తేడా సున్నా అయింది. ఈ పద్ధతి టైమ్‌కోడు తెగకుండా సాగిన టేపులకే వర్తిస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే టైమ్‌కోడు సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది కనుక ముక్కముక్కకూ విడిగా లెక్క వేయాలి.

ధ్వనిలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని టేపుల్లో మొదటి భాగం 32 కిలోహెర్ట్జ్, 12 బిట్లలోను, తర్వాతి భాగం 48 కిలోహెర్ట్జ్, 16 బిట్లలోను రికార్డయింది. ఒకే ఫైలుగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండో భాగం ధ్వని నత్తనడక నడిచింది. ముడి ఫైలును అలాగే ఉంచి, వాడుకోవడానికి తీసే కాపీని మాత్రం ఆ మలుపు దగ్గర రెండుగా తెంచాను. ఫీల్డులను (ఒక ఫ్రేములోని బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఒకటిగా ఉండే రెండు సగాలు) కలిపే పని కూడా ఆ కాపీలోనే చేశాను. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది, సాఫ్ట్‌వేర్‌కు ఇది తప్పుగా చెబితే కదిలేవన్నీ ముందుకీ వెనక్కీ వణుకుతాయి.

దశ 7: లీడర్ ఊడిన హై8 టేపు

1. అదే రకం ఖాళీ హై8 క్యాసెట్‌ను దాతగా తీసుకున్నాను.
2. సన్న మొన స్టార్ స్క్రూడ్రైవర్‌తో రెండు క్యాసెట్లనూ విప్పాను. టేపు పోయే దారిని ముందే ఫొటో తీసుకున్నాను.
3. రీలు మధ్యలో లీడర్‌ను బిగించే చిన్న ప్లాస్టిక్ ముక్కను ఊడదీసి, లీడర్ చివరను సందులో పెట్టి, మళ్లీ నొక్కి బిగించాను.
4. రెండు రీళ్లనూ దాత పెట్టెలోకి మార్చాను. పాత పెట్టెలో బ్రేకు స్ప్రింగు కూడా విరిగి ఉంది.

టేపు చివర వచ్చిందని యంత్రం గుర్తుపట్టేది ఆ పారదర్శకమైన లీడర్ గుండా వెలుగు దాటినప్పుడే. అందుకే లీడర్‌ను కత్తిరించి పారేసి, అయస్కాంత టేపునే రీలుకు బిగిస్తే, యంత్రం చివరలో ఆగక టేపును తెంపేస్తుంది. అతుకు టేపు వాడాల్సిన అవసరం ఇక్కడ రాలేదు. వచ్చినా ఆ అతుకు డ్రమ్ మీదుగా పోకూడదు, దాని జిగురు హెడ్‌కు పట్టుకుంటుంది. టేపు 85 నిమిషాలు నడిచింది. అక్కడక్కడా తెల్లటి చిన్న గీతల మెరుపులు తప్ప బొమ్మ నిలకడగా ఉంది.

లెక్క: ఎక్కించినవి 20 టేపులు, 1,443 నిమిషాలు, 311.69 జీబీ. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్య) తీసి, రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టి, కాపీ చేశాక మళ్లీ సరిచూశాను.

మిగిలినవి బూజు పట్టిన రెండు వీడియో8 టేపులు. వాటిని పొడి వాతావరణంలో ఉంచి బూజు పూర్తిగా ఎండాక, గాలి బయటికి లాగే చోట, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులతో చుట్ట అంచులను తుడవాలి. ఆ తర్వాత నడపడానికి డిజిటల్8 యంత్రాన్ని వాడను. గ్రీజు ఎండిపోయిన మరో పాత 8 మిల్లీమీటర్ల యంత్రం దొరికింది. దశ 2లోని పనులన్నీ దానికి చేశాక, ఈ రెండు టేపులకు మాత్రమే దాన్ని కేటాయిస్తున్నాను.